తువ్వాలు కింద నాయన చెయ్యి

చిన్నప్పుడు మా ఇంట్లో తేడా అమ్మదే అనుకునేదాన్ని. ఆమె చెంబు పట్టుకోవాలంటే పట్టుకుంటుంది, పెట్టేయాలంటే పెట్టేస్తుంది. నాయనకూ నాకూ అంత సులువుగా ఎప్పుడూ జరగలేదు. చెంబు గట్టిగా పట్టుకున్నామంటే, ఇక చాలు వదులుదాం అనుకున్నాక కూడా వేళ్లు కాసేపు దాన్ని పట్టుకునే ఉంటాయి. తర్వాత ఒక్కొక్కటే బద్ధకంగా విడతాయి. పిడికిలి కొన్నిసార్లు మూసి తెరిస్తే చెయ్యి మామూలైపోతుంది, ఆ తర్వాత ఎంత పని చేసినా ఇబ్బంది ఉండదు. ఇంట్లో ఉండేది ముగ్గురం. ముగ్గురిలో ఇద్దరికి ఇలా ఉంటే, లేని మనిషికే కదా ఏదో లోపం ఉన్నట్టు!

బడిలో కబడ్డీ ఆడేటప్పుడు ఈ లెక్క మొదటిసారి తప్పింది. కూతకు వచ్చిన పిల్ల కాలు పట్టుకున్నాను. విజిల్ ఊదారు, ఆట ఆగింది, ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది. నా వేళ్లు మాత్రం విడలేదు. సాయంత్రం వాళ్లమ్మ మా ఇంటి మీదికి వచ్చి, "ఏందమ్మా మీ పాప, ఉడుము మాదిరి పట్టుకుంటాది?" అని అరిచింది. నాయన నవ్వి, "నా కూతురు గదా" అన్నాడు. అందులో అంత మురిసిపోవడానికి ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైందా అంటే, అదీ చెప్పలేను.

నాయన పశువుల దళారి. మాది సదుం దగ్గర పల్లె, ఆయన బేరాలన్నీ పుంగనూరు సంతలో. అక్కడ బేరం నోటితో జరగదు. అమ్మేవాడి తరఫు దళారి, కొనేవాడి తరఫు దళారి చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. ధర వేళ్లతోనే చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది మూగినా ఒక్కరికీ తెలియదు. ఎదుటివాడి మాట నచ్చకపోతే వేళ్లు మారుస్తారు. నచ్చితే చెయ్యి వదిలేస్తారు, అంతటితో బేరం కుదిరినట్టు. వదలకుండా పట్టుకునే ఉన్నారంటే, నా మాట ఇంతే, దిగను అని చెబుతున్నట్టు.

నాయన చెయ్యి ఎలాంటిదో చెప్పాను కదా. ఆయన ఒకసారి వేళ్లు పట్టుకుని ధర చెప్పాడంటే, చెయ్యి ఇక అక్కడే ఉండిపోతుంది. ఎదుటివాడు కాసేపు చూస్తాడు, నవ్వుతాడు, దగ్గుతాడు, చెమట తుడుచుకుంటాడు. చివరికి వాడే ఒక మెట్టు ఎక్కుతాడు. "ఆయప్పతో బేరమంటే గోడతో బేరమే" అని సంతలో చెప్పుకునేవాళ్లు. అటు రామకుప్పం, శాంతిపురం వైపు నుంచి కూడా రైతులు ఎద్దులు తోలుకొచ్చి, వేరే దళారులను దాటుకుని, నాయన కోసం వెతికేవాళ్లు.

చెయ్యి బిగుసుకుంటుందని ఆయనకు తెలియదా అంటే, తెలుసు. కానీ చెంబు దగ్గర బిగుసుకునే చెయ్యి వేరు, తువ్వాలు కింద దిగిరాని చెయ్యి వేరు అన్నట్టు ఉండేవాడు. మొదటిది ఒంటి బాధ, రెండోది ఆయన మొండితనం. నేనూ అలాగే నమ్మాను. ఊళ్లో మా నాయన మొండివాడని ఎవరైనా అంటే నాకు భలే గర్వంగా ఉండేది.

తర్వాత నేను మదనపల్లెలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. మదనపల్లె చలి సంగతి తెలిసిందే. చలికాలం పొద్దున్నే మొదటి అక్షరం నొక్కితే వేలు లేవదు, తెర మీద అదే అక్షరం బారులు తీరుతుంది. పక్క సీటామె చూసి, "రాత్రి నిద్ర లేదా అక్కా?" అని కన్ను కొట్టేది. పోనీలే, అలాగే అనుకోనీ అని ఊరుకునేదాన్ని. ఒకసారి వేళ్లు వేడెక్కాక ఆ ఆఫీసులో నాకన్నా వేగంగా కొట్టేవాళ్లు లేరు.

పోయిన వానాకాలంలో నాయన రోడ్డు మీద పడ్డాడు. సంత ముగిశాక రోడ్డు వారగా చాలాసేపు గొంతుక్కూర్చుని, ఇంటికి పోదామని లేచి, రెండడుగులు వేశాడట. వెనక నుంచి టమోటా లారీ హారన్ గట్టిగా కొట్టింది. ఉలిక్కిపడితే మామూలు మనిషి పక్కకు దూకుతాడు. నాయన కాళ్లు రెండూ బిగుసుకుపోయాయి. నిలువునా, చేతులు కూడా అడ్డం పెట్టుకోకుండా, బోర్లా పడ్డాడు. డ్రైవర్ ఎలా తిప్పాడో గానీ తిప్పాడు. దిగి వచ్చి, "తాగి రోడ్డు మీద పడితే మేమేం కావాల?" అని తిట్టాడట. నాయన జన్మలో తాగలేదు. పెదవి చిట్లి, మాట రాక, ఆ తిట్లు పడుతూనే ఉన్నాడు.

అమ్మ ఫోన్ చేస్తే పరిగెత్తి, ఆయన్ను మదనపల్లెకు తీసుకొచ్చాను. అక్కడి డాక్టరు పెదవికి కుట్లు వేసి, ఎందుకు పడ్డాడని అడిగి, ఏదో అనుమానం వచ్చి చిన్న సుత్తితో నాయన బొటనవేలి కింద కండ మీద తట్టాడు. వేలు లోపలికి ముడుచుకుని అక్కడే ఉండిపోయింది. ఆయన నా చెయ్యి కూడా అడిగి తట్టాడు. నాదీ అంతే. ఇద్దరి బొటనవేళ్లూ పక్కపక్కన ముడుచుకుని ఉంటే, ఆయన వాటిని చూస్తూ, "కుప్పం పోండి. ఆడైతే కండరాలకు పరీక్ష చేస్తారు" అన్నాడు.

కుప్పం పోయాం. అక్కడ నరాలు, కండరాలు చూసే డాక్టరమ్మ సన్నటి సూది నాయన ముంజేతి కండలోకి దించింది. సూదికి తీగ, తీగకు యంత్రం, యంత్రానికి స్పీకరు. చెయ్యి కదిలించకుండా ఉండమంది. ఉన్నాడు. అయినా స్పీకర్లోంచి పాత మోపెడ్‌ను రైజ్ చేసి వదిలినట్టు ఒక మోత పైకి లేచి, మెల్లగా దిగి, ఆగిపోయింది. మళ్లీ లేచింది. నాయన చెయ్యి కదలనే లేదు. "ఎవరిదమ్మా ఆ బండి?" అని నాయన కిటికీ వైపు చూశాడు. "మీదే పెద్దాయనా" అంది ఆమె.

తర్వాత నా వంతు. నాలోనూ అదే బండి.

ఆమె ఓపికగా చెప్పింది. నేను తలూపాను. తలూపడం వేరు, అర్థం కావడం వేరు. "చెరువుకు మరవ ఉంటాది గదా, నీళ్లు ఎక్కువైతే పొర్లిపోయే దారి," అంది నాయనతో. "కండరం పొర మీద కూడా అట్లాంటి దారులు ఉంటాయి. నరం నుంచి కరెంటు వస్తే కండ బిగుస్తాది. బిగిసినాక ఆ కరెంటును చల్లార్చేది ఎక్కువగా ఆ దారులే. వాటి గుండా క్లోరైడ్ పోతాది. మీ ఇద్దరికీ పుట్టుకతోనే ఆ దారులు సరిగా తెరుచుకోవు. మరవ పూడిపోయిన చెరువు మాదిరి. ఒకసారి కరెంటు వస్తే పోయేదానికి దారి లేక, నరం ఆగినా కండ దానంతటదే మళ్లీ మళ్లీ కొట్టుకుంటాది."

"క్లోరైడ్ అంటే ఉప్పులో ఉండేదేనా మేడం?" అన్నాడు నాయన. ఆమె ఔనంది. "అయితే సంగటిలో ఇంకొంచెం ఉప్పేసుకుంటే సరిపోతాది గదా?"

"ఒంట్లో ఉప్పుకేం కొదవ లేదు. పోయేదానికే దారి లేదు."

ఇంతవరకూ సరే. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది, నా బుర్ర పాడుచేసింది అదే. మంచి ఆరోగ్యంగా ఉండే మనిషి కండలు కూడా, గట్టిగా పని చేసేటప్పుడు, ఈ దారులను అవే కొంతవరకు మూసుకుంటాయట. పని చేసేకొద్దీ కండ బయట పొటాషియం పేరుకుని నరం పిలుపు సరిగా అందకుండా పోతుంది. అప్పుడు దారులు కాస్త మూస్తే, ఉన్న కొద్దిపాటి కరెంటుకే కండ పలుకుతుంది. ఇక శక్తంతా అయిపోయాక, అవే దారులను బార్లా తెరిచేసి, చాలు పొమ్మని కండ మూగబోతుంది. అంటే ఊళ్లో అందరి కండలూ కష్టపడేటప్పుడు కాసేపు మా లాగా తయారవుతాయి. మావి ఎప్పుడూ అలాగే ఉంటాయి.

"మరి మేడం," అన్నాను, "పని చేస్తే అందరివీ మూసుకుంటాయంటున్నారు. అలాగైతే పని చేసేకొద్దీ మాకు ఇంకా బిగుసుకుపోవాలి గదా? మాకేమో పని చేస్తేనే వదులవుతుంది. అదెట్లా?"

ఆమె నవ్వింది. "మంచి ప్రశ్న. ఊహలు కొన్ని ఉన్నాయి. ఖచ్చితంగా తెలీదు."

నాకు ఒళ్లు మండింది. అంత పెద్ద యంత్రం పెట్టుకుని తెలీదంటే ఎలా? ఇన్నేళ్లుగా నా చేతిలో రోజూ జరిగే విషయం ఎవరికీ తెలీదట. గుండె దడకు వాడే మాత్రే ఒకటి దీనికి పనిచేస్తుందని, ముందు ఈసీజీ తీయించి, నాయనకు రాసిచ్చింది. నాది అంత ముదరలేదు, ఇప్పుడే మాత్రలు అక్కర్లేదంది. లేచేటప్పుడు మాత్రం గట్టిగా చెప్పింది: "ఇంకోసారి రోడ్డు మీద అట్లా బిగుసుకుంటే, లారీ ప్రతిసారీ తిరగదు పెద్దాయనా."

బస్సులో నేను దారంతా పిడికిలి మూసి తెరుస్తూ కూర్చున్నాను. మొదటిసారి బిగుస్తుంది, తర్వాత కొంచెం తక్కువ, ఆ తర్వాత ఇంకా తక్కువ. ఎందుకు? ఏ దారి తెరుచుకుంటోంది లోపల? బస్సు వి.కోట దాటింది. నాయన కిటికీ వైపే చూస్తూ, "ఇన్నేండ్లూ నేనే ఇడవలేదు అనుకుంటాంటినే" అన్నాడు. టీ తాగుదామా నాయనా అన్నాను.

మాత్రలు పనిచేశాయి. అమ్మ ఫోన్లో సంబరపడిపోయింది. "కూర్చున్నోడు కూర్చున్నట్టే లేస్తాండాడు మే! మెట్లు దిగతాండాడు పడుసోడి మాదిరి!" నాకూ ప్రాణం లేచొచ్చింది. తర్వాత వెళ్లి చూస్తే నిజమే, చెంబు పట్టుకున్నాడు, పెట్టేశాడు. ఇంట్లో ఇప్పుడు తేడా నాదే అయింది. నవ్వాలో, కుళ్లుకోవాలో తెలియలేదు.

అంతలో శాంతిపురం వైపు రైతు ఒకాయన జత ఎద్దులు తోలుకొచ్చాడు. కొడుకులు బెంగళూరులో పనులకు పోయారు, సేద్యం చేసే మనిషి లేడు, మంచి ధర వస్తేనే అమ్ముతానని నాయన చేతిలో పెట్టాడు. తువ్వాలు కప్పుకున్నారు. నాయన తన ధర చెప్పి, ఎదుటివాడు తక్కువ చెప్పగానే, ఎప్పటిలాగే పట్టుకుని ఉందామనుకున్నాడట. ఆలోచనలో పడి పట్టు కాస్త సడలించాడో ఏమో, చెయ్యి తేలిగ్గా విడిపోయింది. ఎన్నో ఏళ్లుగా పట్టుకుని ఉండడం ఆయన మనసు పెట్టి చేయాల్సిన అవసరమే పడలేదు మరి. ఎదుటి దళారి ఠక్కున తువ్వాలు తీసేసి, "కుదిరింది!" అని కేకేశాడు. తువ్వాలు తీశాక మాట వెనక్కి తీసుకోవడం సంతలో లేదు. ఎద్దులు ఆ తక్కువ ధరకే వెళ్లిపోయాయి. ఆ రైతు ఒక్క మాటా అనలేదు, ఎద్దుల తలుగుతాళ్లు విప్పి ఇచ్చేసి బస్సెక్కాడట. అది నాయనకు తిట్లకన్నా ఎక్కువగా తగిలింది.

మాత్రలు మానేశాడు. అమ్మ ఫోన్ చేసి, "డబ్బా అటకెక్కింది" అంది. సెలవు పెట్టి వెళ్లాను. నాకు కోపం వస్తే ముందూ వెనకా చూడను.

"ఎద్దుల కోసం లారీ కింద పడతావా నాయనా?"

"నీకేం తెలుసు పాప. లారీ ఒకసారే సంపుతాది. సంతలో సెయ్యి ఇడిసినోడిని సూసి వారం వారం నవ్వుతారు."

"మాత్ర వేసుకుని కూడా గట్టిగా పట్టుకోవచ్చు గదా? మాత్ర వదలమని చెప్పదు గదా?"

ఆయన తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అదే నాకు తెలీడం లేదమ్మా. ముందు పట్టుకోనుండింది నేనా, అదా? నేనైతే ఇప్పుడు గూడా పట్టుకోవాల గదా? యాల ఇడిసినా?"

ఆ బేరాలన్నీ చేసింది ఆయన కాదు, మూసుకుపోయిన దారులే అంటే, ఇన్నేళ్ల మనిషిని ఒక్క మాటతో కొట్టేసినట్టు. కాదు, నువ్వే చేశావు అంటే, మరి మాత్ర వేసుకోగానే ఎందుకు పోయింది? పైగా నేను నమ్మిన మొండి నాయన ఏమైనట్టు? నాకే ఆధారం పోయినట్టు ఉంది, ఆయనకేం చెప్పను? అమ్మ మాత్రం ఏ సందేహమూ లేకుండా పొయ్యి దగ్గర నుంచి అంది: "బేరం ఎవరు చేసినారో నాకు అక్కర్లేదు. నాకు మనిషి కావాల."

మర్నాడు పొద్దున్నే సంత. ఆయన బయలుదేరుతుంటే నేనూ వస్తానన్నాను. ఈ రోజుకైనా మాత్ర వేసుకుంటేనే రోడ్డు మీద నీ పక్కన నడుస్తాను, లేకపోతే ఇక్కడే కూర్చుని ఏడుస్తాను అన్నాను. ఏడుపంటే ఆయనకు భయం. సణుగుతూ వేసుకున్నాడు.

సంతలో మా నాయన వైపు ఎవరూ రాలేదు. దూడలు, ఆవులు, జతల ఎద్దులు మా ముందు నుంచే పోతున్నాయి, తోలేవాళ్లు పలకరిస్తున్నారు, ముందుకు వెళ్లిపోతున్నారు. "ఏమప్పా, బాగుండావా?" అనడం, పోవడం. నాయన ఒక మినీ లారీ నీడలో కూర్చుని, ఒళ్లో తువ్వాలు మడతపెట్టుకుని, ఎవరికో ఎదురుచూస్తున్నట్టు మెడ చాచి చూస్తున్నాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను. అప్పటిదాకా నాకు ఆయన ప్రాణం ఒక్కటే కనిపించింది. ఆ ప్రాణం పెట్టుకుని ఆయన కూర్చునే చోటు ఇదే కదా అని అప్పుడు తట్టింది. అలాగని లారీ హారన్లు ఆగాయా? రోడ్డు అక్కడే ఉంది.

"నాతో బేరం చెయ్యి నాయనా" అన్నాను, పక్కన కూర్చుని.

"ఆడోళ్లు యాడన్నా తువ్వాలు కింద సెయ్యి పెడతారా? నవ్వతారు."

"నవ్వనీ. కప్పు."

ఆయన అటూ ఇటూ చూసి, తువ్వాలు విప్పి మా చేతుల మీద కప్పాడు. లోపల ఆయన అరచెయ్యి తాళ్లతో కాసిపోయి గరుకుగా, వెచ్చగా ఉంది. ఏం కొంటావన్నాడు. రోజూ మాత్ర, అన్నాను. సంత రోజు కూడా. ఆయన తల అడ్డంగా ఊపి, నా చూపుడు వేలు ఒక్కటే పట్టుకున్నాడు. ఒక్క సంత రోజు తప్ప అని కాబోలు. నేను ఆయన వేళ్లన్నీ కలిపి, నాకున్న బలమంతా పెట్టి పట్టుకున్నాను.

అంతసేపూ ఊరికే కూర్చున్న చెయ్యి కదా. బిగుసుకుంది.

ఆయన వేళ్లు కదిపాడు, నేను వదల్లేదు. ఒకాయన ఆవును పట్టుకుని ఆగి, "ఏమప్పా, కూతురితో బేరమా? గెలిచేటట్టు ఉండాదే!" అని నవ్వాడు. ఇంకో ఇద్దరు ఆగారు. నాయన వాళ్లను చూడలేదు. నా ముఖంలోకే చూస్తున్నాడు. ఆయన చెయ్యి అవతలివాడికి ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో ఆయనకు తెలిసే అవకాశమే లేదు. తెలిసేది అవతల కూర్చున్నవాళ్లకే. చెమట పట్టిన ఆ ముఖంలో మొదట చిరాకు, తర్వాత ఆశ్చర్యం, ఆ తర్వాత భయం లాంటిది ఒకటి కనిపించాయి. ఎవరి కోసం భయమో నాకు తెలియలేదు.

"సరే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఏసుకుంటా. సంత రోజు గూడా ఏసుకుంటా. ఇడువమ్మా."

వదలాలనుకున్నాను. నిజంగా అనుకున్నానా? వేళ్లు విడలేదు.

ఆయన ఇంకా దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు: "నువ్వు పట్టుకోనుండావా పాప, అది పట్టుకోనుండాదా?"

"తెలీదు నాయనా," అన్నాను. నాకు ఏడుపు వచ్చింది. "నాకు నిజంగా తెలీదు."

తువ్వాలు అంచు జారుతుంటే ఆయన రెండో చేత్తో సర్దాడు. కాసేపటికి చిటికెన వేలు విడింది, తర్వాత దాని పక్కది, అలా అన్నీ. నా చెయ్యి పూర్తిగా తెరుచుకుంది. ఆయన చెయ్యి పొద్దున మాత్ర వేసుకున్న చెయ్యి, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలడు. తీసుకోలేదు.